బావిలో దొరికిన ఆల్చిప్ప

సత్యవేడుకు పడమరగా ఉన్న పదకొండు పల్లెలకు ప్రేమానందం ఉపదేశి. ఉపదేశి అంటే పాస్టరు కాదు. అతనికి బాప్తిస్మం ఇచ్చే అధికారం లేదు, పెళ్లి చేసే అధికారమూ లేదు. ఊరూరా నడిచి వెళ్లి ప్రార్థన చేయించడం, చదువు రానివాళ్లకు బైబిలు వాక్యం చదివి వినిపించడం, ఆరు నెలలకొకసారి చిత్తూరు నుంచి వచ్చే పాస్టరుగారికి సంఘం ఎలా ఉందో చెప్పుకోవడం, ఇంతే అతని పని. నాయన మునస్వామి కూలి మనిషి, జీవితంలో ఒక్క అక్షరం నేర్వలేదు. ప్రేమానందం మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, చిత్తూరులో రెండేళ్లు ఉపదేశి చదువు చదివాడు. సన్నగా పొడుగ్గా ఉండి, నడుస్తూ నడుస్తూ ఏదో మరిచిపోయినట్టు ఆగిపోయే అలవాటున్న మనిషి. కడుపులో ఎప్పుడూ కొంచెం మంట.

అతనికి ఆ పల్లెల్లో కాస్త పేరు రావడానికి కారణం ఒక రాయి.

పంతొమ్మిది వందల ముప్పై తొమ్మిదో సంవత్సరంలో మునిరామయ్య నాయుడు తన మెట్ట చేనులో కొత్త బావి తవ్వించాడు. ముప్పై అడుగుల లోతున తెల్లటి పలకరాయి తగిలింది. గడ్డపార వేస్తే పొరలు పొరలుగా ఊడివచ్చేది. కూలివాళ్లు ఎత్తి గట్టున పోసిన ఆ కుప్పలో ప్రేమానందానికి చేతి వెడల్పు పలక ఒకటి కనిపించింది. దాని మీద దువ్వెన పళ్లలాంటి ఆకు అచ్చు ఉంది. ఆకు పక్కన గోరంత ఆల్చిప్ప. సముద్రం అక్కడికి మూడామడల దూరం. ముప్పై అడుగుల లోతు రాతిలోకి ఆల్చిప్ప ఎలా వచ్చింది? లోకమంతా నీళ్లలో మునిగిన బైబిలు కథ అతను వందసార్లు చదివి వినిపించాడు. ఆ నీళ్లు ఈ చేను మీదుగానే పారాయన్నమాట.

ఆ పలకను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని ఊరూరా చూపించడం మొదలుపెట్టాడు. మునిరామయ్య నాయుడి ఇంటి ముందు కూడా నిలబడ్డాడు. ప్రేమానందంలాంటి వాళ్లు ఆ అరుగుకు నాలుగు బారల దూరంలో ఆగి మాట్లాడాలి. నాయుడు ఆ రోజు అరుగు దిగి వచ్చి అతని చేతిలోంచి పలక తీసుకున్నాడు. ఆ ఇంటి మనిషి ప్రేమానందం చేతి నుంచి ఒక వస్తువు అందుకోవడం అదే మొదలు.

"ప్రళయం మీ పుస్తకంలోనే కాదప్పా, మా పురాణంలో కూడా ఉండాది. స్వామి చేప రూపమెత్తింది అందుకే," అన్నాడు నాయుడు.

"మీదీ మాదీ ఒకటే నీళ్లు కావచ్చు నాయుడుగారూ. పడవ నడిపిందెవరనేదే మాట," అన్నాడు ప్రేమానందం. నాయుడు నవ్వాడు. నాలుగేళ్లపాటు కనిపించినప్పుడల్లా ఇద్దరూ అదే వాదన సరదాగా వాదించుకున్నారు.

ఆ రాయి చూసి బాప్తిస్మం తీసుకున్నది మాత్రం ఒక్క మనిషి. పేరు నాగులమ్మ. కాపుల ఇంటి మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. ఒక కార్తీకంలో ఆరణి ఏరు పొంగి భర్తనూ పదేళ్ల కూతురినీ ఒకేసారి తీసుకుపోయింది. పోయిన జన్మలో ఏ పాపం చేసుకున్నావో అని ఊరందరూ ఆమెతోనే అన్నారు. ప్రేమానందం పలక చూపించి, ప్రళయం తరువాత దేవుడు ఇంకెన్నడూ నీళ్లతో మనుషులను శిక్షించనని మాట ఇచ్చాడని చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ఆ ఆల్చిప్ప మీద వేలు పెట్టి కూర్చుంది.

"అయితే నా మొగుణ్నీ బిడ్డనీ తీసకపోయింది శిక్ష కాదా?"

"కాదక్కా. దేవుడు మాట ఇచ్చినాడు గదా."

"ఆ మాట నిజమని ఈ రాయి సాక్షి."

"అవునక్కా."

ఆమె మతం మార్చుకున్న రోజు నుంచి అన్నదమ్ములు ఆమె గడప తొక్కలేదు. చేని చివర గుడిసెలో రెండు బర్రెలను పెట్టుకుని ఒంటరిగా బతికేది. ఆదివారం ప్రార్థనకు మాత్రం అందరికంటే ముందు వచ్చేది.

నలభై నాలుగో సంవత్సరం పుష్యమాసంలో మద్రాసు నుంచి సర్కారు తరఫున ఏకాంబరం అనే భూగర్భశాస్త్రం ఉద్యోగి సత్యవేడుకు వచ్చాడు. యుద్ధకాలం గనుక నేలలో పనికొచ్చేది ఏదైనా దొరుకుతుందేమో చూడమని పంపారు. కాంచీపురం మనిషి, నుదుటిన మూడు విభూతి రేకలు. దారి తెలిసిన మనిషి కావాలంటే ఊరివాళ్లు ప్రేమానందాన్ని చూపించారు. మూడు రోజులు ఇద్దరూ గుట్టలూ వాగులూ తిరిగారు. మూడో రోజు ఒక వేపచెట్టు కింద సద్ది తిని కూర్చున్నప్పుడు ప్రేమానందం ఉండబట్టలేక సంచిలోంచి పలక తీశాడు.

ఏకాంబరం చేతులు కడుక్కుని వచ్చి దాన్ని అందుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూశాడు.

"చాలా బాగుంది. ఎక్కడ దొరికింది?"

ప్రేమానందం చెప్పాడు. బావి సంగతితో పాటు ప్రళయం సంగతి కూడా చెప్పాడు. ఏకాంబరం మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక పలకను నిలువుగా తిప్పి, అంచు చూపించాడు.

"ఇక్కడ చూడండి. గీతలు కనిపిస్తున్నాయా?"

ప్రేమానందం వంగి చూశాడు. వెంట్రుకంత సన్నని గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నాలుగేళ్లుగా ఆ పలకను మోస్తున్నాడు, ముఖం వైపు తప్ప అంచు వైపు ఒక్కసారైనా చూడలేదు.

"ఒక్కో గీత ఒక్కో పొర బురద. నీళ్లు నిదానంగా ఉన్నప్పుడు ఇట్లా పేరుకుంటుంది. పెద్ద వరద వస్తే అంతా కలగాపులగం అవుతుంది కదా. మీ ఏట్లో వరద పోయినాక చూసి ఉంటారు."

చూశాడు. ఆరణి ఏరు పొంగి తగ్గిన ఏడాది రాళ్లూ ఇసుకా చెట్ల వేళ్లూ అన్నీ ఒకే కుప్పగా ఉండటం ప్రేమానందం కళ్లతో చూశాడు.

"ఎన్నేండ్ల నాటిది సార్ ఇది?"

"పది కోట్ల ఏళ్లకు తక్కువ ఉండదు."

ప్రేమానందం తను సరిగా వినలేదేమో అనుకున్నాడు. మళ్లీ అడిగితే ఏకాంబరం మళ్లీ అదే చెప్పాడు. ఈ ఆకు ఏ చెట్టుదో ఆ జాతి ఇప్పుడు లోకంలో లేదనీ, ఇక్కడి ఈ రాళ్లలో ఎంత వెతికినా ఒక్క పువ్వు అచ్చు కనిపించదనీ, పూలచెట్లు ఆ తరువాతి కాలం రాళ్లలో గాని రావనీ, ప్రాణులన్నీ అలా ఒకదానిలోంచి ఒకటి మారుతూ వచ్చినవేననీ చెప్పాడు. క్లాసులో పాఠం చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"మనిషి?" అన్నాడు ప్రేమానందం.

"మనిషీ అంతే. నిన్న మొన్నటివాడు. దానికి ముందు జంతువే." భూతద్దం తుడుచుకుంటూ అన్నాడు ఏకాంబరం.

ప్రేమానందం అతని నుదుటి వైపు చూశాడు. "రేపు మీరు కాళహస్తికి పోతానన్నారు గదా సార్."

"ఆమా, వెళ్తున్నాను. మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదు. మొక్కు ఉంది."

"భయం కాదా మీకు? ఈ రెండూ ఒకే తలకాయలో పెట్టుకోవాలంటే."

ఏకాంబరం నవ్వబోయి ఆగాడు. "నేను దాని గురించి ఆలోచించడం మానేసి పదేళ్లయిందండీ," అన్నాడు. ఆ మాట అతనికే నచ్చినట్టు లేదు. లేచి పంచె దులుపుకున్నాడు.

ప్రేమానందానికి ఆలోచించడం మానడం చేతకాలేదు. ఏకాంబరం వెళ్లిపోయాక వారం రోజులు పల్లెలకు పోలేదు. జ్వరమని కబురు పంపాడు. పలకను రోజుకు పదిసార్లు తీసి అంచు చూసేవాడు. గీతలు పోవు గదా, అక్కడే ఉండేవి. ఆదివారం ప్రార్థన తప్పదు గనుక వెళ్లాడు గాని, సృష్టి కథ చెప్పే మొదటి అధ్యాయాలు తెరవడానికి చెయ్యి రాక చివరి పుటలు చదివాడు. సృష్టి గురించి పాట ఎత్తుకుని మధ్యలో వేరే పాటకు మారాడు. అందరికంటే ముందు వరసలో కూర్చున్న నాగులమ్మ వైపు చూడకుండా ప్రార్థన ముగించాడు.

భార్య నిర్మలమ్మ నాలుగు రోజులు చూసి ఐదో రోజు కంచం ముందు పెట్టి అడిగింది.

"ఏందయ్యా నీ సంగతి? అన్నం ఎత్తవు, మాట ఎత్తవు. ఆ మద్రాసాయప్ప ఏం పెట్టి పోయినాడు నీకు?"

అంతా చెప్పాడు. ఆమె విస్తరాకులు కుట్టే చీపురుపుల్ల నోట్లో పెట్టుకుని విన్నది.

"ఆయన చెప్పింది తప్పయితే?"

"తప్పయితే బాగుండు. నా కంటికి కనబడతా ఉండాది గదే, గీతలు."

"సరే, తప్పు కాదనుకో. నీకు దేవుడు ల్యాకుండా పోయినాడా?"

ప్రేమానందం కంచంలో అన్నం కెలికి, చెయ్యి కడుక్కున్నాడు. ఆ ఆలస్యం చూసి నిర్మలమ్మకు భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు, భర్త ముఖం గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

"పోలేదు," అన్నాడు చివరికి. "కాని నేను ఊరూరా తిరిగి చెప్పింది అబద్ధం. తెలియక చెప్పినా. ఇప్పుడు తెలిసింది. తెలిసినాంక నోరు మూసుకుంటే అదేమిటవుతుందే?"

మరో పది రోజులకు మునిరామయ్య నాయుడు కబురు పెట్టాడు. మాఘ పౌర్ణమికి తిరుపతి నుంచి ఒక శాస్త్రిగారు పురాణం చెప్పడానికి వస్తున్నారు.

"నీ రాయి తీసుకుని రాప్పా. ఆయనా చెప్తాడు, నువ్వూ చెప్పు. ఊరంతా వింటాది. పందిట్లో నీకూ ఒక చాప ఏపిస్తా," అన్నాడు.

పందిట్లో చాప. నాయన మునస్వామి ఆ వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడు. ప్రేమానందం వస్తానన్నాడు. ఇల్లు చేరేసరికి ఆలోచన మొదలైంది. రాయి చూపించి పాత మాటే చెప్తే చాప దక్కుతుంది. చాప మీద కూర్చుని ఊరందరి ముందూ తెలిసి తెలిసి అబద్ధమాడాలి. నిజం చెప్తే ఆ వార్త చిత్తూరుకు చేరుతుంది. రెండు రోజులు అటూ ఇటూ కొట్టుకున్నాడు. దీనికంతటికీ ముందు మాట చెప్పవలసిన మనిషి ఒకరున్నారని మాత్రం మొదటి గంటలోనే తెలుసు.

పౌర్ణమికి ముందురోజు పొద్దున్నే నాగులమ్మ గుడిసెకు వెళ్లాడు. ఆమె బర్రెకు గడ్డి వేస్తోంది. అతను కూర్చోకుండా, నిలబడే చెప్పాడు. గీతలు చూపించాడు. కోట్ల ఏళ్ల సంగతి చెప్పాడు. ఏకాంబరం మనిషి గురించి అన్నది కూడా దాచలేదు.

నాగులమ్మ గడ్డి మోపు కింద పడేసింది.

"ఎప్పుడు తెలిసింది నీకిది?"

"మూడు వారాలయిందక్కా."

"మూడు ఆదివారాలు నా ముందర నిలబడి ప్రార్థన చేసినావు."

అతను పలకను మళ్లీ గుడ్డలో చుట్టాడు.

"ఈ రాయి సూసే గదయ్యా నేనొచ్చింది. ఇది సాక్షి అన్నావు. నా బిడ్డను తీసకపోయింది శిక్ష కాదన్నావు. ఇప్పుడు సాక్షి ల్యాదంటే ఆ మాట ఉండాదా, ల్యాదా?"

"రాయి సాక్షి కాదు. దేవుడి మాట ఉండాదనే నేను నమ్ముతా ఉండాను."

"దేంతో నమ్మేది?"

ఏదో ఒకటి చెప్పవచ్చు, ఉపదేశి చదువులో అలాంటి జవాబులు చాలా నేర్పారు. నోటిదాకా వచ్చిన వాటిని మింగేశాడు.

"నాకు తెలీదక్కా," అన్నాడు.

ఆమె గడ్డి మోపు ఎత్తి బర్రె ముందు విసిరేసింది. కోపమో ఏడుపో అతనికి తెలియలేదు. "పో," అంది. "ఈ పక్కకు రాబాక."

మరుసటి రోజు మధ్యాహ్నం నాయుడి ఇంటి ముందు పందిట్లో రెండు వందల మంది పోగయ్యారు. సంఘం వాళ్లు ఒక మూల నిలబడ్డారు. నాగులమ్మ రాలేదు. శాస్త్రిగారు పెద్దమనిషి, తీయటి గొంతు. చేప రూపంలో స్వామి వేదాలను కాపాడిన వృత్తాంతం గంటసేపు రాగయుక్తంగా చెప్పి, పలకను చేతిలోకి తీసుకుని, ఈ శంఖజాతి ప్రాణి ఆ ప్రళయ జలాల్లో ఇక్కడికి వచ్చినదే అన్నారు. జనం చేతులు జోడించారు. నాయుడు ప్రేమానందానికి సైగ చేశాడు.

ప్రేమానందం చాప మీదనుంచి లేచాడు. శాస్త్రిగారి చేతిలోని పలకను చూపించాడు.

"నాలుగేండ్లు ఈ రాయి మా ప్రళయానికి సాక్షి అని మీకు చెప్పినాను," అన్నాడు. "అది నా తప్పు. ఇది ఒక్క వరదలో వచ్చింది కాదని చదువుకున్నాయన చూసి చెప్పినాడు. అంచు మీద గీతలు ఉండాయి, నేను గూడా చూసినాను. కోట్ల ఏండ్ల నాటిదంట. ఇది మా మాటకు సాక్షి కాదు. శాస్త్రిగారూ, పెద్దలు మీరు కోపగించుకోవద్దు, మీ మాటకు గూడా కాదు. నేను దేవుణ్ని నమ్ముతాను. ఈ రాయిని పెట్టి నమ్మమని ఎవరికీ చెప్పను."

పందిట్లో వెనక నుంచి గొణుగుడు లేచింది. శాస్త్రిగారు పలకను నిలువుగా తిప్పి అంచు చూశారు. తరువాత దాన్ని పక్కన పెట్టారు. నాయుడి ముఖం ఎర్రబడింది.

"నీ పక్షం ఓడిపోతాదని మా పక్షం గూడా ముంచుతావా?" అన్నాడు. ప్రేమానందం పలక తీసుకోవడానికి వంగితే నాయుడు తనే తీసి, చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టాడు. ప్రేమానందం దాన్ని నేల మీద నుంచి ఎత్తుకున్నాడు.

పది రోజులకు చిత్తూరు నుంచి పిలుపు వచ్చింది. పాస్టరుగారూ ఇంకా నలుగురు పెద్దలూ బల్లకు అటువైపు కూర్చున్నారు. ప్రేమానందం నిలబడ్డాడు.

"మనిషిని దేవుడు చేసినాడని నువ్వు నమ్ముతావా, కోతి నుంచి వచ్చినాడని నమ్ముతావా?" అని అడిగారు పాస్టరుగారు.

"దేవుడు చేసినాడని నమ్ముతాను అయ్యగారూ. ఎట్ల చేసినాడో నాకు తెలీదు."

"తెలీదంటే? వాక్యంలో రాసి ఉంది కదా."

"ఉండాది. రాయిలో గూడా ఒకటి రాసి ఉండాది. రెండింటినీ కలిపి చదవడం నాకు రాలేదు. వచ్చినట్టు చెప్పను."

పెద్దల్లో ఒకాయన అతని వైపు జాలిగా చూశాడు. పాస్టరుగారు చెడ్డవారు కాదు. విచారంగానే నిర్ణయం చెప్పారు. ఇకమీదట ప్రేమానందం వాక్యం బోధించకూడదు. పాకాలలో ఉన్న మిషన్ బడిలో ఒకటో తరగతికి అక్షరాలు నేర్పాలి. పలకను వాళ్లు ఉంచేసుకున్నారు. అది తరువాత ఏమైందో అతను అడగలేదు.

పాకాలకు వచ్చాక కూడా భయం వదల్లేదు. బడి చూడడానికి ఎవరైనా వస్తున్నారంటే అతనికి ముందురోజు నుంచే అన్నం సహించేది కాదు. ఆదివారం చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుని ఎవరో చెప్పే ప్రసంగం వినేవాడు. ప్రార్థన మానలేదు. మోకరించినప్పుడు మాత్రం ఒక్కోసారి మాటలు రాక ఊరికే ఉండిపోయేవాడు, అవతల ఎవరైనా ఉన్నారా లేదా అని చెవి ఒగ్గినట్టు. బంధువుల్లో కొందరు దేవుణ్ని కాదన్నవాడని రాకపోకలు మానుకున్నారు. బజారులో ఒక కుర్ర వకీలు, ఇంక ఆ ప్రార్థన కూడా ఎందుకని నవ్వుతూ అడిగాడు. ప్రేమానందం నమస్కారం పెట్టి ముందుకు నడిచాడు.

రెండేళ్లు గడిచాక నిర్మలమ్మ తన చెల్లెలి కొడుకు పెళ్లికి సత్యవేడు వైపు వెళ్లి వచ్చింది. కాళ్లు కడుక్కోక ముందే చెప్పడం మొదలుపెట్టింది.

"కొత్త ఉపదేశి వచ్చినాడు గదా, ఆయన ప్రార్థనలో నీ పేరెత్తి, దేవుడు ల్యాడన్నందుకు పంపించేసినారని చెప్పినాడంట. అప్పుడు నాగులమ్మ లేచి నిలబడిందంట."

"ప్రార్థనకు వస్తా ఉండాదా ఆమె?"

"మూడు నెలలు రాలేదంట. ఆమీద మళ్లీ వచ్చిందంట. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. లేచి అనిందంట, ఆయన దేవుడు ల్యాడని చెప్పలేదు, తనకు తెలీదని చెప్పినాడు, నా ఇంటి ముందర నిలబడి చెప్పినాడు, అంతకు ముందర నాకు ఏ మగోడూ తెలీదనే మాట చెప్పలేదు, అందరికీ అన్నీ తెలుసు, నా మొగుడు ఎందుకు సచ్చినాడో గూడా తెలుసు, అనిందంట."

"మళ్లీ చెప్పు," అన్నాడు ప్రేమానందం.

నిర్మలమ్మ మళ్లీ చెప్పింది.

వేసవి సెలవుల్లో ప్రేమానందం రైలెక్కి, పుత్తూరులో దిగి, మిగతా దూరం బండ్ల మీదా కాలినడకనా వెళ్లాడు. దారిపొడుగునా వెనక్కి తిరుగుదామా అనుకుంటూనే ఉన్నాడు. ఈ పక్కకు రావొద్దని చెప్పిన మనిషి గడప. గుడిసె ముందు ఆగి దగ్గాడు. నాగులమ్మ బయటికి వచ్చింది. తల సగం నెరిసింది. చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చి, అతను తాగేదాకా ఆగింది.

"ఇప్పుడైనా తెలిసిందా నీకు?" అని అడిగింది.

"తెలీలేదక్కా."

ఆమె తల ఊపింది. మూలన ఉన్న ఈతచాప తీసి నీడలో పరిచింది.

"కూర్చో," అంది. "నాకూ తెలీలేదు. మాట్లాడుకుందాం."